గడ్డి పెరిగిందని సిటీ నోటీసు వచ్చిందా? ఏం చేయాలో వరసగా

అమెరికాలో సొంతిల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి సిటీ అనేది ఒకటుందని గుర్తొచ్చేది రెండే సందర్భాల్లో. ఒకటి నీళ్ల బిల్లు వచ్చినప్పుడు, రెండోది గడ్డి పెరిగిందని తలుపుకి కాగితం తగిలించినప్పుడు. మొదటిది కట్టేస్తారు. రెండోది చూసి కొందరు టెన్షన్ పడిపోతారు, ఇంకొందరు "గడ్డే కదా, వీకెండ్ చూద్దాంలే" అని డ్రాయర్‌లో పడేస్తారు. గడ్డి ఒక పూటలో పోతుంది. కాగితం మీద ఉన్న తేదీ దాటిందంటే మాత్రం వ్యవహారం ఇంటి పత్రాల దాకా వెళ్తుంది. కాబట్టి మోవర్ తీసే ముందు కాగితం చదవండి.

మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. వేరే రాష్ట్రంలో అంకెలు మారతాయి, పద్ధతి చాలావరకు ఇదే.

ముందు ఎవరు పంపారో చూడండి

సిటీ వేరు, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) వేరు. సిటీ నుంచి వచ్చేది కోడ్ కంప్లయన్స్ లేదా కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం పేరుతో ఉంటుంది, దాని వెనక సిటీ చట్టం ఉంటుంది. హెచ్‌ఓఏది మీరు ఇల్లు కొన్నప్పుడు ఒప్పుకున్న నిబంధనల ప్రకారం వచ్చే ఉత్తరం. సిటీ అడుగు ఎత్తు దాకా ఊరుకున్నా, హెచ్‌ఓఏ అందులో సగానికే ఉత్తరం రాయొచ్చు. ఒకదానికి జవాబు చెప్పినంత మాత్రాన రెండోది ఆగదు. రెండూ వస్తే రెండింటికీ విడివిడిగా రాయాలి. టెక్సస్‌లో హెచ్‌ఓఏ మీ మీద ఫైన్ వేయాలంటే ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి, సరిచేసుకోవడానికి సమయం ఇవ్వాలి. నోటీసు మెయిల్ చేసిన 30 రోజుల లోపల మీరు హియరింగ్ (మీ వాదన వినమని) అడగొచ్చు. ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

మామూలుగా సిటీ మొదటి నోటీసు గడ్డి కోయమంటుంది, డబ్బు కట్టమనదు. "ఇప్పుడే కార్డు నంబర్ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి కేసు నంబర్ నిజమో కాదో అడగండి.

కాగితంలో ఏం వెతకాలి

కేసు నంబర్, ఏ సెక్షన్ కింద పంపారు, ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు చేశారు, ఎప్పటిలోగా సరిచేయాలి, ఆఫీసర్ పేరు, ఫోన్. వీటన్నిటినీ ఒక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. గడువు తేదీని ఇద్దరి క్యాలెండర్లలోనూ వేయండి, భార్య చూసిందని భర్త, భర్త చూశాడని భార్య అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

టెక్సస్ రాష్ట్ర చట్టం ప్రకారం నోటీసు ఇచ్చిన 7 రోజుల్లో యజమాని పని చేయకపోతే, సిటీ తనే మనుషుల్ని పెట్టి కోయించి ఆ ఖర్చు యజమాని మీద వేయొచ్చు. ఇక్కడ రెండు సంగతులు జాగ్రత్తగా గమనించాలి.

మొదటిది, ఉత్తరం ఏ అడ్రస్‌కి వెళ్తుంది అనేది. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) రికార్డులో మీ పేరు పక్కన ఏ అడ్రస్ ఉందో దానికే పంపుతారు. పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ అలాగే ఉండిపోతే ఉత్తరం అక్కడికే పోతుంది. సర్టిఫైడ్ ఉత్తరం మీరు తీసుకోకపోయినా, "అన్‌క్లెయిమ్డ్" అని తిరిగి వెళ్లినా నోటీసు ఇచ్చినట్టే లెక్క. అందుకని ఈ వ్యాసం చదవడం అయ్యాక చేసే మొదటి పని, నోటీసు వచ్చినా రాకపోయినా సరే, అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి పేజీ తెరిచి మెయిలింగ్ అడ్రస్ చూసుకోవడం. ఐదు నిమిషాల పని.

రెండోది ఏడాది సంగతి. నోటీసులో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉండొచ్చు: ఏడాది లోపల ఇదే తప్పు మళ్లీ జరిగితే ఇంకో నోటీసు లేకుండానే సిటీ కోయించి ఖర్చు వేస్తుందని. టెక్సస్ చట్టం దీనికి ఒప్పుకుంటుంది. అంటే ఏప్రిల్‌లో వచ్చిన కాగితం వచ్చే మార్చి దాకా బతికే ఉంటుంది. రెండోసారి తలుపుకి కాగితం కనపడదు, బిల్లే వస్తుంది.

మీ ఊళ్లో ఎత్తు ఎంత

డాలస్, ఆస్టిన్, శాన్ ఆంటోనియోలలో 12 అంగుళాలు, అంటే అడుగు. హ్యూస్టన్‌లో 9 అంగుళాలే, సరిగ్గా జానెడు. టెక్సస్ దాటితే చికాగోలో సగటున 10 అంగుళాలు. డాలస్ చుట్టుపక్కల ఉన్న చిన్న సిటీలకు ఎవరి కోడ్ వాళ్లదే. రోడ్డు దాటితే ఇంకో సిటీ అయ్యే చోట పక్కవీధి స్నేహితుడి మాట నమ్మకండి. సిటీ పేరుతో పాటు "కోడ్ ఆఫ్ ఆర్డినెన్సెస్" అని కొడితే చాలావాటికి మ్యూనికోడ్ లాంటి సైట్‌లో పుస్తకం మొత్తం దొరుకుతుంది. నోటీసులో ఉన్న సెక్షన్ నంబర్ అందులో వెతకండి. నంబర్ లేకపోతే "వీడ్స్", "న్యూసెన్స్" అనే మాటలతో వెతకండి.

ఆ సెక్షన్‌లో ఎత్తు ఒక్కటే చూసి ఆగకండి, "వీడ్స్" అంటే ఏమేమి వస్తాయో రాసిన చోట కూడా చదవండి. చాలా సిటీలు వాడుకునే ఇంటర్నేషనల్ ప్రాపర్టీ మెయింటెనెన్స్ కోడ్‌లో చెట్లు, పొదలు, పెంచుకునే పూలమొక్కలు, తోటలు కలుపు కింద రావు. ఇది మనవాళ్లకు అవసరమైన సంగతి. గోంగూర మనిషి ఎత్తు పెరుగుతుంది, పైగా కొన్ని రకాల ఆకు చూస్తే గంజాయి ఏమోనని అనుమానం వస్తుంది. తోటకూరకు టెక్సస్ పొలాల్లో కలుపుగా పెరిగే చుట్టాలున్నాయి, ఫెన్స్ అవతల నించుని చూసేవాళ్లకు రెండూ ఒకటే. మొక్కల్ని వరసలో వేయండి, చుట్టూ చెక్కతోనో ఇటుకతోనో అంచు కట్టండి, మధ్యలో గడ్డి లేకుండా చూడండి. కావాలంటే పేర్లు రాసిన చిన్న కర్రలు గుచ్చండి. ఆ ఒక్క అంచుతో అది తోట అని తెలిసిపోతుంది.

కొలత పట్టుకుని చుట్టూ నడవండి

ఇంటి ముందు లాన్ నున్నగా కోసేసి "నాకెందుకు పంపారు" అని సిటీకి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ. ఇన్‌స్పెక్టర్ చూసింది సాధారణంగా వేరే చోటు అయి ఉంటుంది. సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న సన్నటి పట్టీ చూడండి. అది సిటీ హద్దులోదే అయినా చాలా ఊళ్లలో కోయాల్సింది మీరే. ఇంటి వెనక అల్లీ (సన్నటి సందు) ఉంటే ఫెన్స్ బయటవైపు చూడండి, ఎంత మేరకు మీ బాధ్యతో కోడ్‌లో రాసి ఉంటుంది. ఏసీ యూనిట్ వెనక, కరెంటు పెట్టె చుట్టూ, వాననీళ్లు పోయే పల్లంలో కూడా. ఈజ్‌మెంట్ ఉన్న స్థలం యుటిలిటీ కంపెనీ వాడుకోవచ్చు, కానీ గడ్డి మీదే.

స్కేలు పెట్టి కోతకు ముందు ఫోటోలు తీయండి. నోటీసు పొరపాటున వచ్చిందని మీకు అనిపిస్తే, అంటే పక్కింటిది మీకు వచ్చిందో, గడ్డి నిజంగా హద్దు లోపలే ఉందో, ఈ ఫోటోలే ఆధారం.

కోత

డాలస్ ప్రాంతంలో చాలా లాన్లలో ఉండే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితికి వెతికి తెచ్చుకునే గరికను ఇక్కడ డబ్బిచ్చి నరికిస్తుంటాం. ఎండ, వాన రెండూ దొరికితే అది ఆగదు. మామూలుగా దాన్ని ఒకటి రెండు అంగుళాల ఎత్తులో ఉంచుతారు. నీడ ఉన్న ఇళ్లలో వేసే వెడల్పు ఆకుల సెయింట్ ఆగస్టీన్‌ని రెండున్నర, మూడు అంగుళాల కంటే కిందికి కోస్తే దెబ్బతింటుంది.

ఒక్కసారికి మూడోవంతు కంటే ఎక్కువ కోయకూడదని అంటారు. మంచి మాటే, కానీ గడ్డి 14 అంగుళాలుండి గడువు శుక్రవారమైతే ఆ మాట పట్టుకుని కూర్చోలేం. మొదటి రోజు ట్రిమ్మర్‌తో ఆరేడు అంగుళాలకు దించేయండి. అక్కడితో సిటీ లెక్క తీరిపోయినట్టే. రెండు మూడు రోజులాగి మోవర్‌ని అన్నిటికంటే ఎత్తు సెట్టింగ్‌లో పెట్టి ఒకసారి, దించి ఇంకోసారి నడపండి. పసుపుపచ్చ మోళ్లు కనిపిస్తే కంగారు పడకండి, గరిక మళ్లీ పచ్చబడుతుంది. ట్రిమ్మర్ వాడకుండా అడుగెత్తు తడిగడ్డిలోకి నేరుగా మోవర్ తోస్తే బ్లేడుకి చుట్టుకుని ఆగిపోతుంది. మంచు ఆరిన తర్వాతే మొదలుపెట్టండి.

దిగే ముందు ఒక కర్రతో గడ్డిని కదుపుతూ ఒకసారి నడవండి. రాళ్లు, స్ప్రింక్లర్ తలలు, పిల్లల బొమ్మలు, నీళ్ల గొట్టం ఉంటాయి. టెక్సస్‌లో ఎర్రచీమల పుట్టలుంటాయి, వాటి మీద కాలు వేస్తే నిమిషంలో పిక్కల దాకా పాకుతాయి. ఫెన్స్ చెక్కల కింద కందిరీగలు, ఎత్తు గడ్డిలో పాములు ఉండొచ్చు. ఫుల్ ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. చెప్పులతో, లుంగీతో ట్రిమ్మర్ పట్టుకోవద్దు. నవ్వులాటకు చెప్పడం లేదు, ట్రిమ్మర్ తీగ విసిరిన గులకరాయి తగిలితే ఎలా ఉంటుందో తగిలినవాళ్లని అడగండి.

కలుపుమందు కొడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మందు పనిచేయడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ తర్వాత కూడా ఎండిన మొక్క అదే ఎత్తులో నించునే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్‌కి కావలసింది ఎత్తు తగ్గడం. ముందు కోయండి, మందు సంగతి తర్వాత. తుంగ అయితే పీకినా అడుగున గడ్డలుంటాయి, మళ్లీ లేస్తుంది. పల్లేరుని కాయ పట్టకముందే వేరుతో తీసేయాలి, లేకపోతే ఏడాదంతా అరికాళ్లలోనూ సైకిల్ టైర్లలోనూ కనిపిస్తుంది. వయ్యారిభామ ఇక్కడా ఉంది, నిజానికి దాని పుట్టిల్లు అమెరికా ఖండాలే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

కోసిన గడ్డిని బ్లోయర్‌తో రోడ్డు మీదికి తోయకండి. అది వాననీళ్ల కాలువలో చేరుతుంది, చాలా సిటీల్లో దానికి వేరే నోటీసు వస్తుంది. కుప్ప సంచుల్లోకి ఎత్తండి, ఎలాంటి సంచి, ఏ రోజు బయట పెట్టాలి అనేది చెత్త తీసుకెళ్లే షెడ్యూల్‌లో ఉంటుంది.

కేసు మూయించండి

చాలామంది వదిలేసే పని ఇదే. గడ్డి పోయినంత మాత్రాన సిస్టమ్‌లో కేసు పోదు. ఎక్కడెక్కడ ముందు ఫోటోలు తీశారో అదే కోణంలో మళ్లీ తీయండి. కేసు నంబర్ సబ్జెక్టులో పెట్టి ఆఫీసర్‌కి ఈమెయిల్ రాయండి. "ఫలానా తేదీన కోయించాను, ఫోటోలు జతచేశాను, మళ్లీ వచ్చి చూసి కేసు క్లోజ్ చేసినట్టు రాతపూర్వకంగా చెప్పండి", అంతే. ఫోన్‌లో "ఓకే" అన్నారంటే దానికి ఆధారం లేదు. క్లోజ్ అయినట్టు వచ్చిన జవాబును ఇంటి కాగితాలతో పాటు దాచండి.

గడువులోపల కాదని తెలిస్తే గడువు దాటకముందే అడగండి. వారమంతా వాన, సర్జరీ అయింది, ఊళ్లో లేను, లాన్ వాళ్లు వచ్చే బుధవారం వస్తారు అని కారణమూ తేదీ రెండూ చెప్పండి. లాన్ కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ స్క్రీన్‌షాట్ పెడితే ఇంకా మంచిది. ఆఫీసర్లకు కావలసింది కేసులు ముగియడం, తేదీ చెప్పి అడిగినవాళ్లకు నాలుగు రోజులు ఇవ్వడం మామూలే. దాటాక అడిగితే కాంట్రాక్టర్‌కి వర్క్ ఆర్డర్ అప్పటికే వెళ్లి ఉండొచ్చు.

సిటీయే కోసేస్తే

కోత ఖర్చుకి ఆఫీసు ఖర్చు కలిపి బిల్లు వస్తుంది. మీరు బయట పిలిపించుకున్నదాని కంటే ఎక్కువే అవుతుంది. కాంట్రాక్టర్ మీ మల్లెమొక్క ఏది, కలుపు ఏది అని చూస్తూ కూర్చోడు కూడా. ఆ బిల్లు కట్టకపోతే టెక్సస్‌లో సిటీ ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఇంటి మీద ఉండే హక్కు) వేయొచ్చు, దానికి ఏడాదికి 10 శాతం వడ్డీ. పన్నుల లీన్, రోడ్డు పనుల లీన్ తప్ప మిగతావాటన్నిటికంటే దీనికే ముందు హక్కు. ఇల్లు అమ్మే రోజు, ఇంటి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ దాన్ని బయటకు తీస్తుంది. బిల్లు రాగానే, తప్పు లేదనుకుంటే రాతలో అభ్యంతరం చెప్పండి, ఉందనుకుంటే కట్టేసి రశీదు తీసుకోండి. సైటేషన్ అని వస్తే అది మున్సిపల్ కోర్టు వ్యవహారం, అందులో రాసిన తేదీకి హాజరు కావాలి.

గడ్డి 48 అంగుళాలు దాటి, ఆరోగ్యానికో ప్రాణానికో వెంటనే ముప్పు అనిపిస్తే టెక్సస్‌లో సిటీ ముందు నోటీసు లేకుండానే కోయించొచ్చు. కోసిన తర్వాత 10 రోజుల్లో తెలియజేయాలి. కోసిన రోజు నుంచి 30 రోజుల లోపల మీరు రాతపూర్వకంగా హియరింగ్ అడగొచ్చు. ఖాళీ ప్లాట్ కొని వదిలేసినవాళ్లకు ఇది ముఖ్యం.

ఇండియా వెళ్లే ముందు

పిల్లల సెలవులు జూన్, జులైలలో. గరిక విజృంభించేదీ అప్పుడే. ఐదారు వారాలు తాళం వేసి వెళ్తే ఇంటి ముందు గడ్డి ఏ సిటీ లెక్కనైనా దాటిపోతుంది.

ఫ్లోరిడాలో డనీడిన్ అనే ఊళ్లో 2018లో ఒక యజమాని, చనిపోయిన తల్లి ఆస్తి వ్యవహారాలు చూసుకోవడానికి వేరే రాష్ట్రం వెళ్లారు. గడ్డి కోయడానికి మాట్లాడుకున్న మనిషి ఈలోపు చనిపోయాడు. అంతకుముందు కూడా ఒకసారి నోటీసు ఉండటంతో సిటీ రోజుకి 500 డాలర్ల చొప్పున ఫైన్ వేసింది, మొత్తం దాదాపు 30 వేల డాలర్లయింది. ఇల్లు జప్తుకి కూడా సిటీ అనుమతి ఇచ్చేసింది. ఆయన కోర్టుకెళితే 2021లో ఫెడరల్ జడ్జి సిటీ పక్షానే తీర్పు చెప్పారు. ఇదంతా గడ్డి గురించే.

లాన్ వాళ్లతో రెండు వారాలకోసారి అని ఆటో పే పెట్టండి, కోసిన ప్రతిసారీ ఫోటో పంపమనండి. గేటు కోడ్ ఇవ్వడం మర్చిపోతే బ్యాక్‌యార్డ్ వదిలేసి వెళ్లిపోతారు. పోస్టాఫీసు ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ ఉచితం, వచ్చే ఉత్తరాల కవర్ల ఫోటో రోజూ ఈమెయిల్‌కి వస్తుంది. సిటీ కవరు కనిపిస్తే హైదరాబాద్‌లో కూర్చునే పట్టుకోవచ్చు. మెయిల్ హోల్డ్ 30 రోజులకే పరిమితం, పైగా హోల్డ్ పెడితే ఉత్తరం ఎవరూ తెరవలేరు. నమ్మకమైన స్నేహితుడికి మెయిల్‌బాక్స్ తాళం ఇచ్చి, వారానికోసారి తలుపు కూడా చూడమనండి. తలుపుకి తగిలించిన కాగితం ఏ ఈమెయిల్‌లోనూ రాదు.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు ఇంకో మాట. లీజులో "గడ్డి టెనెంట్ చూసుకోవాలి" అని రాసుకున్నా సిటీ నోటీసు వచ్చేది మీకే, లీన్ పడేది మీ ఇంటి మీదే. ఆ డబ్బు టెనెంట్ దగ్గర తర్వాత వసూలు చేసుకోవడం మీకూ టెనెంట్‌కీ మధ్య సంగతి. అందుకే చాలామంది లాన్ ఖర్చు అద్దెలో కలిపి తామే కోయిస్తారు. నాకైతే అదే నయమనిపిస్తుంది.

కావాలనే పెంచుకుంటే

లాన్ తీసేసి స్థానిక గడ్డి, పూలమొక్కలు వేసుకోవాలనుకుంటే సిటీకి ముందే చెప్పండి. కొన్ని సిటీల్లో ఇలాంటి తోటలను నమోదు చేసుకునే పద్ధతి ఉంది. టెక్సస్‌లో 2013 చట్టం ప్రకారం తక్కువ నీళ్లతో పెరిగే తోటను హెచ్‌ఓఏ పూర్తిగా వద్దనలేదు, మేరీల్యాండ్‌లో 2021లో అలాంటిదే వచ్చింది. ఇవి హెచ్‌ఓఏలను ఆపే చట్టాలు, సిటీ ఎత్తు నియమాన్ని కాదు. రోడ్డువైపు రెండడుగుల మేర పొట్టిగా కోసి ఉంచండి, సైడ్‌వాక్ మీదికి ఏదీ వాలకుండా చూడండి.

పక్కింటిది పెరిగితే

ముందు తలుపు తట్టండి. ఇంట్లో పెద్దవాళ్లో, ఒంట్లో బాగోలేనివాళ్లో ఉండొచ్చు. ఖాళీగా ఉన్న ఇల్లయితే సిటీకి ఫిర్యాదులు చెప్పే నంబర్ 311కి ఫోన్ చేయండి, ఆ నంబర్ లేని చిన్న ఊరైతే సిటీ యాప్‌లో అడ్రస్, ఫోటోతో ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. అడక్కుండా వాళ్ల స్థలంలోకి వెళ్లి మీరే కోసేయకండి, మంచికి పోయినా అది ట్రెస్‌పాసే. ఫిర్యాదు చేసే ముందు మీ ఫెన్స్ బయటవైపు కూడా ఒకసారి చూసుకోండి, ఇన్‌స్పెక్టర్ వచ్చేది అదే అల్లీలోంచి.